కారని తొట్టి

చుక్క మేస్త్రీ కట్టిన తొట్టి కారదు. ఈ మాట ఆయనొక్కడే అనుకునేది కాదు, చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఎవరినడిగినా చెబుతారు. అడక్కపోతే ఆయనే చెబుతాడు, అది వేరే సంగతి. "ఒక్క చుక్క కారిందా, తాపీ నూతిలో పారేసి ఇంట్లో కూర్చుంటా" అని పని చేసిన ప్రతిచోటా పందెం కాసి కాసి ఆ పేరు తెచ్చుకున్నాడు. పేరు విని మందుకొట్టే మనిషేమో అనుకున్న కొత్తవాళ్ళు లేకపోలేదు గానీ, పాపం, ఆయన టీ తప్ప ఏమీ ఎరగడు. ఇంట్లో 'కారుతోంది' అనే మాటకు చోటు లేదు. బిందెకు చిల్లి పడితే ఆయన భార్య "బిందె కాస్త చెమరుస్తోందండీ" అంటుంది, మొహం అవతలికి తిప్పుకుని నవ్వుకుంటూ.

అలాంటి మనిషి ఆ గురువారం మధ్యాహ్నం కొత్త కొట్ల వరండాలో నిలబడి, కురుస్తున్న వానని చూసి మహా సంబరపడిపోతున్నాడు.

పాత నూనె మిల్లు పడగొట్టి ఆ స్థలంలో ఆరు కొట్లు కట్టారు. వచ్చే బుధవారం ప్రారంభం. రంగులు అయిపోయాయి, షట్టర్లు బిగించేశారు. మిగిలిందల్లా ముందువైపు మెట్లూ, వెనక మూల గుంతలోకి రావలసిన లారీడు రాళ్ళూ. మిల్లు ఉన్నప్పుడు వెనకంతా మట్టినేల. ఇప్పుడు బళ్ళు తిరగాలని అంగుళం వదలకుండా కాంక్రీటు చేసేశారు. కప్పు మీద పడ్డ వానా, కాంక్రీటు మీద పడ్డ వానా వాటానికి వెనక్కి పరిగెత్తి, గొట్టం గుండా ఆ మూల గుంతలో పడాలి. ఆ గుంత కట్టింది మేస్త్రీయే. వారం మొదట్లో పడ్డ తొలి వానకి నీళ్ళు చక్కగా వెళ్ళి అందులో పడ్డాయి. ఓనరు స్వయంగా వచ్చి మేస్త్రీ భుజం తట్టి వెళ్ళాడు.

"చూశావా, గోడకెక్కడైనా చెమ్మ కనిపిస్తోందా?" అన్నాడు మేస్త్రీ, పక్కనే బీడీ వెలిగించుకుంటున్న బావమరిదితో. భార్య తమ్ముడే ఆయనకి పనిలో తోడు. సిమెంటు మాలు కలపడం, ఇటుక అందించడం, బావని ఆటపట్టించడం, మూడూ అతనే చూసుకుంటాడు.

"కనపడితే మాత్రం చెబుతానా బావా? నువ్వు పని మానేసి ఇంట్లో కూర్చుంటే మా అక్క నన్ను చంపేస్తుంది."

అంతలో వెనకసందు వైపునుంచి కేకలు. "అయ్యో, ఎవరన్నా రండయ్యా! కొట్టంతా మునిగిపోతోంది!"

గొంతు దూది పిన్నిది. ఇద్దరూ తడుస్తూ పరిగెత్తారు.

వెనకసందు ఈ స్థలానికి రెండు మెట్లు పల్లం. కొట్ల వెనక గేటుకి సరిగ్గా ఎదురుగా దూది పిన్ని పరుపుల కొట్టు. కొట్టంటే ఒక గది, గది ముందు వెడల్పాటి అరుగు. గదిలో పరుపు పరిస్తే మనిషి నిలబడటానికి చోటుండదు. అందుకని దూది ఏకడం, నింపడం, కుట్టడం అన్నీ అరుగు మీదే. పెద్ద సూది పట్టుకుని అరుగు మీద కూర్చుని ఆవిడ కుట్టు వేస్తుంటే దారినపోయేవాళ్ళంతా పలకరించి పోతారు. వయసులో మేస్త్రీ కన్నా నాలుగైదేళ్ళు పెద్దదేమో గానీ, ఆ సందులో పిల్లలకీ పెద్దలకీ అందరికీ పిన్నే.

గేటు కిందనుంచి నీళ్ళు నురగలు కక్కుతూ దూకుతున్నాయి. సందులో కాలువ ఎప్పుడో నిండిపోయింది. గదిలో నీళ్ళు మడమలు దాటాయి. కొత్తగా ఏకి పోగేసిన దూది అంతా నీళ్ళు తాగి ఉండలు ఉండలుగా తేలుతోంది. పిన్ని చీర ఎగదోపుకుని, కుట్టడం పూర్తయిన రెండు పరుపుల్ని ఒంటిచేత్తో బల్ల మీదికి లాగుతోంది.

"పట్టుకో నాయనా, చూస్తావేం!" అంది మేస్త్రీతో. "ఇవి వేరేవాళ్ళవి. నావైతే పోనీ అనుకుందును."

పరుపులు ఎత్తారు. దూదిని ఎత్తడానికేమీ మిగల్లేదు. వాన తగ్గాక మేస్త్రీ కాలువలోకి దిగి, అరుగు కిందికి చెయ్యి పెట్టి తడిమాడు. అక్కడ ఇనప జాలీ ఉంది. జాలీకి దూది నలకలు తడిసి, అట్టకట్టి, చెయ్యంత మందాన పేరుకున్నాయి. లాగితే గుప్పెడు ఊడి వచ్చింది.

అప్పటికి ఓనరు వచ్చాడు. ఆయన ఫోను చేస్తే మునిసిపల్ ఇనస్పెక్టరూ వచ్చాడు, గొడుగు వేసుకుని, బూట్లు తడవకుండా ఆచితూచి అడుగులేస్తూ.

"ఏమిటి ఈ నీళ్ళు?" అన్నాడు ఇనస్పెక్టరు.

మేస్త్రీ తన చేతిలో ఉన్న దూది ముద్దని ఎత్తి చూపించాడు. "ఇదిగోనండయ్యా, ఇదీ సంగతి. కాలువ పూడుకుపోయింది."

అబద్ధం చెప్పాలని కాదు. ఆయనకి కనిపించింది చెప్పాడు, అంతే. ఇనస్పెక్టరు ఆ ముద్దని చూశాడు, అరుగుని చూశాడు, అరుగు కిందినుంచి పోతున్న కాలువని చూశాడు. "కాలువ మీద అరుగేమిటమ్మా? సోమవారానికల్లా ఇది ఉండకూడదు" అన్నాడు.

"ఇది మా అత్తగారి నాటి అరుగండీ. మొన్నటిదాకా ఎన్ని వానలు పడలేదు? ఎప్పుడన్నా నీళ్ళొచ్చాయా?" అంది పిన్ని.

"మొన్నటి సంగతి నాకు తెలీదు. ఈ రోజు వచ్చాయిగా."

"అరుగు లేకపోతే నేను పరుపు ఎక్కడ కుట్టను? నడిరోడ్డు మీదా?"

ఇనస్పెక్టరు గొడుగు సర్దుకున్నాడు. "ఆవిడకి మనుషుల్ని పెట్టుకోవడం కష్టం గదా సార్, మా మేస్త్రీ చేత నేనే తీయించేస్తాను" అన్నాడు ఓనరు, ఎంతో సాయం చేస్తున్నవాడిలా. పిన్ని మేస్త్రీ చేతిలో దూది ముద్దకేసి ఒక్కసారి చూసింది. ఆయన దాన్ని ఎక్కడ పడెయ్యాలో తోచక, సైటుదాకా చేత్తోనే పట్టుకుపోయాడు.

*

తొట్టి కట్టాక గీత పెట్టడం చుక్క మేస్త్రీ అలవాటు. అంచుదాకా నీళ్ళు నింపుతాడు, నీటిమట్టం దగ్గర మేకుతో గోడ మీద సన్నటి గీత గీస్తాడు, మర్నాడు సాయంత్రం ఇంటివాళ్ళని పిలిచి చూపిస్తాడు. నీళ్ళు గీతని అంటిపెట్టుకుని ఉంటేనే పని అప్పగించినట్టు. ఈ గుంతకి మాత్రం నింపడానికి నీళ్ళు దొరక్క ఆ ముచ్చట తీరలేదు. ఇప్పుడు వానదేవుడే నింపిపెట్టాడు కాబట్టి, గురువారం పొద్దువాలే వేళకి ఇనప మూత ఎత్తి, బోర్లా పడుకుని, చెయ్యి లోపలికి చాపి గీత పెట్టాడు.

శుక్రవారం ఎండ ఇరగకాసింది. కాంక్రీటు మీద కాలు పెడితే చురుక్కుమంది. శనివారం పొద్దున మేస్త్రీ వెళ్ళి మూత ఎత్తాడు. నీళ్ళు తేటగా, అద్దంలా, గీతని ముద్దుపెట్టుకుని ఉన్నాయి. ఆయనకి కడుపు నిండిపోయింది.

ఇంజనీరమ్మ అప్పుడే స్కూటరు దిగుతోంది. ముప్ఫై దాటని పిల్ల, కానీ మనిషి నెమ్మది, మేస్త్రీని 'గారు' లేకుండా పిలవదు. గుంత కట్టే రోజుల్లో వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉండటంతో సైటుకి రాలేకపోయింది. ఫోనులోనే అడిగింది, ఫోనులోనే విన్నది.

"ఇలా రామ్మా, ఒకటి చూపిస్తా!" అని మేస్త్రీ దాదాపు చెయ్యిపట్టుకుని లాక్కొచ్చినంత పని చేశాడు. "ఆ గీత చూడు. మొన్న సాయంత్రం పెట్టింది. నిన్నంతా ఎండ ఎలా కాసిందో తెలుసుగా? వెంట్రుకవాసి దిగిందేమో చూడు! ఏదీ, చూసి చెప్పు!"

ఇంజనీరమ్మ వంగి చూసింది. ఆవిడ మెచ్చుకుంటుందని మేస్త్రీ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళ అడుక్కి తేరిపార చూసింది.

"మేస్త్రీగారూ, అడుగున ఏం వేశారు?"

"ఏం వేశానా! కాంక్రీటు వేశా. దాని మీద రెండు పూతలు. ఆపైన సిమెంటు పాలు పోసి నున్నగా రుద్దా. గోడల్లో నువ్వు కాగితంలో గీసిన కంతలు కూడా నా అంతట నేనే పూడ్చేశానమ్మా. ఇటుకలు తగ్గించడానికి గీశావేమోననుకున్నా. అలా సందులు వదిలి కడితే నలుగురూ నా మొహాన ఉమ్మెయ్యరూ?"

ఆవిడ గట్టు మీద కూలబడింది.

"ఏమైందమ్మా? కళ్ళు తిరిగాయా?"

"ఈ గుంత నీళ్ళు దాచడానికి కాదు మేస్త్రీగారూ. భూమిలోకి పంపించడానికి. అడుగు ఉండకూడదు. ఆ కంతల్లోంచి నీళ్ళు పక్కల మట్టిలోకి పోవాలి. వాన వెలిసిన మర్నాటికల్లా గుంత ఖాళీ అయిపోవాలి, ఇంకో వాన పట్టడానికి."

"అంటే... కారాలా?"

"కారాలి. ఎంత కారితే అంత మంచిది."

"మరి రాళ్ళో? రాళ్ళు నీళ్ళు తేటపడటానికి కాదా?"

"నీళ్ళు దిగుతుంటే గోడలు కూలకుండా."

మేస్త్రీ గుంతలోకి చూశాడు. ఆ తేటనీళ్ళలో ఆయన మొహమే ఆయనకి కనిపించింది, అదీ బాగానే, ఎందుకంటే నీళ్ళు అంత నిలకడగా ఉన్నాయి మరి. తొలి వానకి నిండింది. నిండినది నిండినట్టే ఉంది. మలి వాన వచ్చేసరికి ఇందులో చెంబుడు నీళ్ళకి కూడా జాగా లేదు.

"అయితే మొన్న పిన్ని కొట్లోకి పోయినవి..."

"ఇందులో పట్టనివే. మట్టినేల ఉన్నన్నాళ్ళూ ఆ నీళ్ళు ఇక్కడే ఇంకిపోయేవి. దూది వల్ల కాలువ కొంచెం నెమ్మదించి ఉంటుంది, కాదనను. కానీ కాలువ ఎంత శుభ్రంగా ఉన్నా అన్ని నీళ్ళు మోయలేదు." ఆవిడ మొహం తుడుచుకుంది. "తప్పు నాది కూడా. ఆ కంతలు ఎందుకో నేను చెప్పలేదు. బ్రహ్మాండంగా ఉందని మీరన్నారు, నేను వచ్చి చూడకుండానే సరేనన్నాను."

బ్రహ్మాండంగా ఉందన్న మాట నిజమే. మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది.

ఓనరు పదింటికి వచ్చాడు. ఇంజనీరమ్మ అంతా చెప్పింది. ఆయన విన్నాడు, గుంత చుట్టూ ఒకసారి తిరిగాడు, మెడ రుద్దుకున్నాడు.

"ఇప్పుడు దీన్ని బద్దలు కొట్టాలంటావా? బుధవారం ప్రారంభం పెట్టుకుని? కొట్లు తీసుకున్నవాళ్ళు వచ్చి వెనకంతా తవ్వి ఉంటే ఏమనుకుంటారు?"

"మళ్ళీ వాన పడితే ఆవిడ కొట్టు మళ్ళీ మునుగుతుంది సార్."

"అరుగు తీసేస్తున్నాంగా? కాలువ తెరుచుకుంటుంది, నీళ్ళు పోతాయి. ఇనస్పెక్టరుగారు అరుగే కారణమన్నారు. ఆయన కన్నా మనకెక్కువ తెలుసా? ప్రారంభం కానీ, ఆ తర్వాత తీరిగ్గా చూసుకుందాం."

"ఆ తర్వాత ఎవరూ చూడరు సార్."

"చూద్దామన్నానా లేదా?" అని ఓనరు మేస్త్రీ వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "ఇది ముగ్గురి మధ్యా ఉండాల్సిన మాట. చుక్క మేస్త్రీ కట్టిన తొట్టి వల్ల ఒకావిడ కొంప మునిగిందంటే ఎవరికి నామర్దా చెప్పు? సోమవారం పొద్దున్నే నువ్వే వెళ్ళి ఆ అరుగు తీసెయ్. నీ చెయ్యి పడితే పని నీటుగా ఉంటుంది."

ఇంజనీరమ్మ ఇంకేదో అనబోయి మానుకుంది. మేస్త్రీ తలూపాడు. నిజం చెప్పుకోవాలంటే, ఆ క్షణాన ఆయన ప్రాణం లేచివచ్చింది. ఎవరికీ తెలియదు. పేరు పోదు. ఓనరు దేవుడిలా కనిపించాడు.

*

ఆ సుఖం ఎంతోసేపు నిలవలేదు. ఆదివారం మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని మేస్త్రీ గోడకేసి చూస్తూ ఉండిపోయాడు.

"ఏం, గోడ గానీ చెమరుస్తోందా?" అంది భార్య.

మామూలుగా అయితే కసురుకునేవాడు. ఆయన కసరకపోయేసరికి ఆవిడ గరిటె కింద పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆయన చెప్పాడు. గీత సంగతీ, కంతల సంగతీ, ఓనరన్న మాటా, చివరికి తన చేత్తో దూది ముద్ద ఎత్తి చూపించిన సంగతీ, అన్నీ కక్కేశాడు. ఆవిడ నవ్వుతుందేమోనని బెదిరాడు. నవ్వలేదు.

"మనం పడుకునే పరుపెవరు కుట్టారు?" అంది.

"ఆవిడే."

"పెళ్ళయిన కొత్తలో కుట్టింది. మధ్యలో ఒక్కసారి ఏకి ఇచ్చింది. ఇప్పటికీ ఉండకట్టలేదు. ఆవిడకీ ఉంటుందిగా, తన పనికో పేరు?"

"నేనేం చెయ్యనే? నలుగురిలో నా పరువేం కాను?"

"అది మీరే తేల్చుకోండి. కానీ రేపు ఆ అరుగు కొట్టొచ్చి ఆ పరుపు మీదే పడుకోవాలి మీరు. నేను చాప వేసుకుంటా."

కంచంలో అన్నం చల్లారిపోయింది. ఆవిడ తీసుకెళ్ళి మళ్ళీ వేడిచేసి తెచ్చింది. ఆయన తిన్నాడో లేదో ఆయనకే తెలియదు.

*

సోమవారం పొద్దున్నే మేస్త్రీ గునపం భుజాన వేసుకుని వెనకసందులోకి దిగాడు. వెనక బావమరిది సమ్మెట మోస్తూ నడిచాడు. సందు మొదట్లో ఓనరూ ఇనస్పెక్టరూ నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఇంజనీరమ్మ గేటు దగ్గరుంది.

పిన్ని అరుగు ఖాళీ చేసేసింది. దూది ఏకే విల్లు గోడకి చేరవేసి ఉంది. గడప మీద కూర్చుని సూదులన్నీ ఒక డబ్బాలో సర్దుతోంది.

"నా నోట్లో మట్టి కొట్టడానికి ఈ ఊళ్ళో నువ్వే దొరికావా నాయనా?" అంది తలెత్తకుండా.

మేస్త్రీ గునపం భుజం మీంచి దించాడు.

"నలకలు కాలువలో పడతాయి, నేను కాదన్నానా? రోజూ సాయంత్రం చీపురు పెట్టి తీస్తాను. ఆ రోజు సాయంత్రం కాకముందే వాన వచ్చిపడింది, నేనేం చెయ్యను?" సూదుల డబ్బా మూత పెట్టింది. "సరే, కానీ. ఆ మూలనున్న నల్లరాయి మాత్రం జాగ్రత్తగా తియ్యి. మా అత్తగారు ఎక్కడినుంచో మోయించి తెచ్చింది. విరగ్గొట్టకుండా ఇచ్చావంటే లోపల పెట్టుకుంటా."

"అలాగే పిన్నీ."

గునపం మొన రెండు రాళ్ళ మధ్య సందులో పెట్టాడు. పాతకాలపు సున్నం, పిండిలా రాలింది. ఎవరో చేతకానివాడు కట్టిన అరుగు. మట్టం లేదు, అతుకు లేదు. అయినా ఇన్నేళ్ళూ ఒక మనిషికి అన్నం పెట్టింది. గునపాన్ని ఒక్కసారి అదిమితే చాలు, మూల మొత్తం పక్కకి ఒరిగిపోతుంది. మేస్త్రీ అదిమేందుకు ఊపిరి బిగించాడు. చేతులు బిగుసుకున్నాయి గానీ కిందికి దిగలేదు.

"ఏంటి బావా, నడుం పట్టేసిందా? ఇలా ఇవ్వు నేను కొడతా" అన్నాడు బావమరిది.

మేస్త్రీ గునపం పైకి లాగాడు. వెనక్కి తిరిగి తిన్నగా ఇనస్పెక్టరు దగ్గరికి నడిచాడు.

"అయ్యా, ఆ రోజు దూది తీసి మీకు చూపించింది నేనే."

"అవును, అయితే?"

"అసలుది చూపించలేదు. రండి, చూపిస్తా."

ఓనరు "మేస్త్రీ!" అన్నాడు, పళ్ళ మధ్యనుంచి. మేస్త్రీ వినిపించుకోలేదు. గేటు తోసుకుని లోపలికి నడిచాడు. ఇనస్పెక్టరు వెంట నడిచాడు. ఆయన వెంట సందులో అరుగు పడగొట్టడం చూద్దామని చేరిన నలుగురైదుగురూ నడిచారు. పిన్ని కూడా లేచి వచ్చింది.

మేస్త్రీ ఇనప మూత ఎత్తి పక్కన పెట్టాడు. "ఈ గీత గురువారం పెట్టాను. ఈ రోజు సోమవారం. నీళ్ళు దిగలేదు. దిగవు కూడా, నేను కట్టాను కాబట్టి." అడుగు వైపు వేలు చూపించాడు. "ఇది నీళ్ళు భూమిలోకి పోవలసిన గుంతట. అమ్మగారు గీసింది అదే. నేను నా తెలివి ఉపయోగించి తొట్టి కట్టాను. ఇందులో పట్టని నీళ్ళే ఆ కొట్లోకి పోయాయి. తప్పు అరుగుది కాదు, దూదిది కాదు. నాది."

ఇనస్పెక్టరు ఇంజనీరమ్మ వైపు చూశాడు.

"నిజమే సార్. చూడకపోవడం నా తప్పు. శనివారం నుంచి తెలిసీ ఊరుకోవడం ఇంకో తప్పు" అంది ఆవిడ, ఓనరు వైపు చూడకుండా.

ఇనస్పెక్టరు గుంతలోకి తొంగిచూసి మీసం గోక్కున్నాడు. "ముందు దీన్ని బాగుచెయ్యండి. మళ్ళీ వాన పడ్డప్పుడు చూస్తాను. సందులోకి నీళ్ళు రాకపోతే అరుగు సంగతి నేను మర్చిపోతా. వచ్చాయా, అరుగూ పోతుంది, ఈ కొట్ల ప్రారంభమూ ఆగుతుంది."

పిన్ని మేస్త్రీని పైనుంచి కిందిదాకా చూసింది. "నాలుగు రోజులు నాకు నిద్రలేకుండా చేశావు గదయ్యా!" అంది. అని విసవిసా వెళ్ళిపోయింది. మేస్త్రీ తల వంచుకున్నాడు. ఆ మాట పడవలసిందే అనిపించింది.

*

మోటారు పెట్టి నీళ్ళన్నీ ముందు రోడ్డు కాలువలోకి తోడేశారు. మేస్త్రీ, బావమరిది నిచ్చెన వేసుకుని లోపలికి దిగారు. సమ్మెట దెబ్బ మొదటిది పడితే ఖంగుమంది. అడుగు మీద తెల్లటి మచ్చ పడింది, అంతే. ఇంకోటి. ఇంకో మచ్చ. భోజనాల వేళ అయ్యేసరికి ఇద్దరి అరచేతులూ బొబ్బలెక్కాయి, అడుగు మాత్రం అరచెయ్యంత పెచ్చు లేచింది.

"ఎవడు బావా ఈ తొట్టి కట్టింది? వాడి చేతులు పడిపోను!"

"నోరు మూసుకుని కొట్టు."

"ఏం కలిపాడో మహానుభావుడు, ఉక్కు కలిపినట్టున్నాడు. మాకు పని పెట్టడానికి కాకపోతే ఇంత గట్టిగా ఎందుకు కట్టాలి?"

మేస్త్రీకి నవ్వు వచ్చింది, నవ్వుతోపాటు కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. చెమట తుడుచుకుంటున్నట్టు భుజంతో తుడుచుకున్నాడు. తను కట్టినదాన్ని తను కొట్టడం ఎలాంటిదో ఆయనకిప్పుడే తెలిసింది. ప్రతి దెబ్బకీ పని ఎంత బాగా చేశాడో తెలుస్తూనే ఉంది.

సాయంత్రానికి గునపం దిగబడింది. కింద ఇసకమట్టి. ఇంజనీరమ్మ పైనుంచి బకెట్టుతో నీళ్ళు అందించింది. మేస్త్రీ ఆ చిల్లులో పోశాడు. నీళ్ళు గుడగుడమని ఒక్క క్షణం తిరిగి, మాయమైపోయాయి. ఆయన ఇంకో బకెట్టు అడిగాడు. అదీ పోయింది. ఇంకోటి అడిగాడు.

"చాలు మేస్త్రీగారూ, నేల తాగేస్తుందని తెలిసిందిగా" అంది ఆవిడ నవ్వుతూ.

మర్నాడు అడుగంతా తీసేశారు. గోడల్లో పూడ్చిన కంతల్ని ఉలితో ఒక్కొక్కటే తెరిచాడు. అంచులు సమంగా ఉండాలని ప్రతిదాన్నీ చెక్కి చెక్కి పెడుతుంటే, "కంతలకి కూడా సింగారమా బావా?" అన్నాడు బావమరిది. రాళ్ళ లారీ వచ్చింది. గొట్టం కిందిదాకా రాళ్ళు నింపారు. మూత దగ్గర గోడ మీద ఆ సన్నటి గీత మాత్రం అలాగే మిగిలిపోయింది.

ప్రారంభం వారం వెనక్కి పోయింది. ఓనరు మేస్త్రీతో మాట్లాడటం మానేశాడు. ముందు మెట్లకి వేరే మేస్త్రీని పిలిపించాడు. టీకొట్టు దగ్గర జనం ఊరుకుంటారా? "ఏం మేస్త్రీ, తాపీ నూతిలో పారేశావా లేదా?" అని ఒకడు, "కారకపోయినా తప్పే, కారినా తప్పే, ఆయన మాత్రం ఏం చేస్తాడ్రా" అని ఇంకొకడు. మేస్త్రీ టీ తాగి గ్లాసు పెట్టేసి వచ్చేవాడు. సైటుకి రావలసిన పని లేకపోయినా రోజూ ఒకసారి వచ్చి ఆకాశంకేసి చూసి వెళ్ళేవాడు. పిన్ని అరుగు మీద మళ్ళీ విల్లు మోగుతోంది. ఆవిడ పలకరించలేదు. ఈయన పలకరించే ధైర్యం చెయ్యలేదు.

*

వాన శనివారం మధ్యాహ్నం వచ్చింది. మామూలు వాన కాదు, కళ్ళు తెరవనివ్వని వాన. మేస్త్రీ ఇంట్లోంచి గొడుగు తెచ్చుకోవడం కూడా మరిచి పరిగెత్తుకొచ్చాడు. ఇంజనీరమ్మ అప్పటికే గుంత దగ్గరుంది, ముద్దగా తడిసి. గేటు దగ్గర ఇనస్పెక్టరు గొడుగు కింద నిలబడ్డాడు. సందులో పిన్ని దూది మూటలన్నీ బల్ల మీదికెక్కించి, అరుగు మీద నిలబడి గేటు కిందికి చూస్తోంది.

మేస్త్రీ మూత ఎత్తి బోర్లా పడుకుని లోపలికి తొంగిచూశాడు. గొట్టంలోంచి నీళ్ళు హోరుమని దూకుతున్నాయి. రాళ్ళ సందుల్లోకి దూరుతున్నాయి. దూరుతూనే పైకి కూడా వస్తున్నాయి. రాళ్ళు మునిగాయి. నీళ్ళు గోడ వెంబడి ఎక్కుతూ గీతకి నాలుగు వేళ్ళ దూరానికి వచ్చాయి. మూడు వేళ్ళు. మేస్త్రీ తల తిప్పి కేకేశాడు.

"అమ్మా, వచ్చేస్తున్నాయి!"

"చూడండి, చూస్తూ ఉండండి" అంది ఆవిడ. ఆవిడ గొంతులోనూ ధైర్యం అంతంత మాత్రమే.

నీళ్ళు అక్కడే ఆగాయి. వాన ఆగలేదు, గొట్టం ఆగలేదు, నీళ్ళు మాత్రం గీత దగ్గరికి రాకుండా అక్కడే తిరుగుతున్నాయి. పైనుంచి ఎంత పడుతోందో కిందినుంచి అంతా పోతోంది. మేస్త్రీ చెయ్యి చాపి నీళ్ళ మీద పెట్టాడు. కింద ఎక్కడో నీళ్ళు లాగుతున్నట్టు అరచేతికి తగిలింది. వాన కాస్త పలచబడగానే నీళ్ళు దిగడం మొదలెట్టాయి. అరచెయ్యి వెడల్పు, ఆపైన జానెడు. రాళ్ళ నెత్తులు ఒకటొకటే బయటపడ్డాయి.

ఇనస్పెక్టరు గేటు కింద నేలని బూటుతో తట్టి చూశాడు. సందు వైపు నీళ్ళు పోవడం లేదు. గొడుగు తిప్పుకుని వెళ్ళిపోయాడు. వెళుతూ అరుగు వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

అప్పుడు వెనకసందులోంచి దూది పిన్ని కేక వేసింది. సోమవారం తర్వాత ఆవిడ మేస్త్రీని పలకరించడం అదే మొదటిసారి.

"ఏమయ్యా మేస్త్రీ! ఏమంటోంది నీ తొట్టి?"

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. గడ్డం నుంచి నీళ్ళు ధారకట్టాయి. గేటు దగ్గర బావమరిది నిలబడి ఉన్నాడు. అతని పక్కన గొడుగుతో మేస్త్రీని వెతుక్కుంటూ వచ్చిన ఆయన భార్య, నవ్వు ఆపుకోవడానికి ఈసారి మొహం తిప్పుకోకుండా, తిన్నగా ఆయన్నే చూస్తోంది. పక్క కొట్లలో జనం కూడా తలలు బయటపెట్టారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"కారుతోంది పిన్నీ!" అని సందంతా వినపడేలా అరిచాడు. "బ్రహ్మాండంగా కారుతోంది!"